రెండు ఎయిర్‌లైన్ ఆఫర్లు చేతిలో ఉన్నాయా? జీతం అంకెను చివర చూడండి

మొన్న సంక్రాంతికి అనంతపురం వెళ్ళినప్పుడు మా చిన్నాయన కొడుకు ఫోన్లో రెండు పీడీఎఫ్‌లు తెరిచి నా పక్కన కూర్చున్నాడు. "న్నా, రెండు కంపెనీల నుంచి ఆఫర్లు వచ్చినాయి. యాడ చేరమంటావు?" అన్నాడు. నేను కళ్ళద్దాలు వెతుక్కునేలోపే చిన్నాయన తీర్పు చెప్పేశాడు: "యాడ ఎక్కువిస్తారో ఆడ చేరు. దీనికి అన్నను అడిగేదేముంది?"

చిన్నాయన నలభై ఏళ్ళుగా శెనక్కాయలు పండించి అమ్ముతున్న మనిషి. ఎక్కువ రేటు చెప్పిన ప్రతివాడికీ ఆయన కాయలు వెయ్యడు. తూకం ఎవరిది, తరుగు ఎంత తీస్తారు, డబ్బు ఏ రోజు చేతికొస్తుంది అని ఆరా తీశాకే బస్తా దింపుతాడు. కొడుకు ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మాత్రం రేటు ఒక్కటే కనబడింది. మా పైలట్లలో కూడా చాలామంది ఇంతే. నేనూ ఒకసారి అలాగే చేరి దెబ్బతిన్నాను. ఆ సంగతి కింద వస్తుంది.

మావాడి పరిస్థితి ఇది. ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) మీద ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. ఎగిరినవి 1,600 గంటలు దాటాయి, కెప్టెన్ కావడానికి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సు చేతికొచ్చింది. ఒక ఆఫర్ పెద్ద కంపెనీలో ఎయిర్‌బస్ 320, ఢిల్లీ బేస్ (డ్యూటీలు మొదలై ముగిసే ఊరు). రెండోది చిన్న కంపెనీలో బోయింగ్ 737, బెంగళూరు బేస్. ఆ రెండు రోజులూ కూర్చుని మేం చూసిన క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు కాగితాలన్నీ తెప్పించుకోండి

ఆఫర్ లెటర్ అంటే రెండు పేజీల శుభలేఖ. అసలు సంగతులు ఉద్యోగ ఒప్పందంలో, ట్రైనింగ్ బాండ్‌లో, పే పాలసీలో ఉంటాయి. ఈ మూడింటి కాపీలు పంపమని హెచ్‌ఆర్‌కు మర్యాదగా మెయిల్ పెట్టండి. ఫోన్లో అడిగితే ఫోన్లోనే జవాబిస్తారు, దానికి రుజువుండదు. "అవన్నీ చేరే రోజు సంతకం పెడుదురు గాని" అని దాటవేస్తే, ఆ ఒప్పందంలో మీకు నచ్చనిది ఏదో ఉందని అనుకోవచ్చు.

ఇంకో కాగితం కూడా పక్కన పెట్టుకోవాలి. ఇప్పుడు మీరు కూర్చున్న సీటు కూడా ఒక ఆఫరే. మావాడు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఫ్లీట్ ఆఫీసులో తెలిసినవాళ్ళను కదిపితే, పది నెలల్లో ఏటీఆర్ కమాండ్ (కెప్టెన్ పదవి) వరుసలోకి వస్తాడని తేలింది. అంటే చేతిలో ఉన్నవి రెండు కాదు, మూడు.

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) తీసుకుని 200 గంటలతో ఎదురుచూస్తున్న పిల్లలకు ఇలా ఎంచుకునే అవకాశం తక్కువే. వచ్చినదాంట్లో చేరక తప్పదు. అయినా రెండో మెట్టు మాత్రం వదలకుండా చదవండి. ఇంటర్వ్యూ ఇప్పిస్తామని వాట్సాప్‌లో డబ్బులడిగేవాళ్ళు ఎవరైనా సరే, దొంగలే.

2. బయటికొచ్చే దారి చూసుకుని లోపలికి వెళ్ళండి

ఒప్పందంలో మొదట వెతకాల్సింది ఉద్యోగం మానేసే క్లాజు. 2017లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన నియమం ప్రకారం కెప్టెన్‌కు ఏడాది, ఫస్ట్ ఆఫీసర్‌కు 6 నెలలు నోటీస్ పీరియడ్. దీని మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి, నడుస్తాయి. ఆచరణలో మాత్రం పాత కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వకుండా కొత్త కంపెనీ మిమ్మల్ని విమానం ఎక్కించడానికి జంకుతుంది. కాబట్టి "30 రోజుల్లో చేరాలి" అని రాసిన ఆఫర్ మీకు పనికిరాదు. చేరే తేదీ మార్చి, దాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

చాలామంది గమనించని మెలిక ఇంకొకటుంది. ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్నంతకాలం ఆరు నెలలకు బయటపడొచ్చు. కమాండ్ తీసుకున్న రోజు నుంచి అది ఏడాది అవుతుంది. కొన్ని కంపెనీలు కమాండ్ ట్రైనింగ్‌కు మళ్ళీ కొత్త బాండ్ రాయించుకుంటాయి. "కమాండ్ వచ్చాక వెంటనే మారిపోతా" అనుకునేవాళ్ళు ఈ రెండూ కలిపి లెక్కేసుకోవాలి.

ఇక బాండ్, అంటే ట్రైనింగ్ ఖర్చుకు బదులు ఇన్నేళ్ళు పనిచేస్తానని, ముందే మానేస్తే సొమ్ము కడతానని రాసిచ్చే కాగితం. ఎన్ని లక్షలు అన్నది అందరూ చూస్తారు. నేను చూసేది అది ఎలా తరుగుతుంది అన్నది. మూడేళ్ళ బాండ్‌లో నెలనెలా సొమ్ము తగ్గుతూ వస్తే, రెండేళ్ళ తర్వాత మీ మెడకున్నది మూడో వంతే. తగ్గకపోతే ఆఖరి నెలలో మానేసినా మొత్తం కట్టాలి. రెండిటికీ బయట పేరు ఒకటే, "మూడేళ్ళ బాండ్". ఆ మూడేళ్ళు చేరిన రోజు నుంచా, లైన్ మీద రిలీజ్ అయిన (పర్యవేక్షణ లేకుండా మామూలు డ్యూటీకి పంపిన) రోజు నుంచా? క్లాసులు, సిమ్యులేటర్, లైసెన్సు మీద ఎండార్స్‌మెంట్, సూపర్‌వైజ్డ్ లైన్ ఫ్లయింగ్ అన్నీ అయ్యేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ కాలమంతా బాండ్‌లో కలిసొస్తుందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

హామీ ఏమిటో చూడండి. బ్యాంకు గ్యారంటీనా, తేదీ వెయ్యని చెక్కులా, ఇంట్లోవాళ్ళ పూచీకత్తా? మన జిల్లాల్లో చాలా ఇళ్ళలో పైలట్ కోర్సు అప్పుకే నాయన పొలం పాసుపుస్తకం బ్యాంకులో ఉంటుంది. ఆ మనిషి చేతనే మళ్ళీ బాండ్‌కు పూచీ సంతకం పెట్టించే ముందు, కాగితం తెలుగులో చదివి వినిపించండి. మావాడి పాత బాండ్ మీద చిన్నాయన సంతకం ఉంది. ఇంకా పద్నాలుగు నెలలు మిగిలి ఉందని ఆయనకు ఆ రోజు దాకా తెలియదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఈ మూడు ప్రశ్నలకు ఒప్పందంలో జవాబు దొరకాలి: కంపెనీ మూతపడితే బాండ్ రద్దవుతుందా? మెడికల్‌లో శాశ్వతంగా అన్‌ఫిట్ అయితే? జీతం రెండు నెలలు రాకపోతే, నోటీస్ లేకుండా నేను బయటికి రావచ్చా? మూడోదానికి ఎవరూ సంతోషంగా జవాబివ్వరు. అయినా అడగండి.

3. బేస్: మనవాళ్ళకు హైవేలోనే జవాబుంది

మ్యాప్ తెరిస్తే ఒకటి కనబడుతుంది. దేవనహళ్ళిలోని బెంగళూరు ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరాన ఉంది. శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన ఉంది. రెండూ 44వ నంబరు హైవేకు ఆనుకునే ఉన్నాయి, రెండూ మన వైపే. అనంతపురం నుంచి పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా ఎయిర్‌పోర్టుకు 180 కిలోమీటర్ల పైచిలుకు, కారులో మూడు గంటలు. కర్నూలు నుంచి శంషాబాద్‌కు దాదాపు 200. ఊళ్ళో ట్రాఫిక్‌లోకి దిగే పనే లేదు. అందుకే అనంతపురం పిల్లలకు బెంగళూరు, కర్నూలు పిల్లలకు హైదరాబాద్ బేస్ దొరికితే, దాని విలువ జీతంలో కనబడని జీతం. కడపవాళ్ళకు ఈ అదృష్టం కాస్త తక్కువ. రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరో, రేణిగుంట మీదుగా చెన్నయో పోవాలి, ఏ దారైనా సమయం ఎక్కువే.

మన జిల్లాల్లో ఎవరికీ క్రూ బేస్ లేదు. 2021 మార్చిలో కర్నూలు దగ్గర ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు తెరిచినప్పుడు "ఇంక సొంతూరికే విమానం నడుపుతావు" అని నన్ను ఏడిపించినవాళ్ళున్నారు. ఏటీఆర్ నడిపేవాడు అక్కడ దిగొచ్చు గాని, అరగంటలో మళ్ళీ ఎగరాలి. అమ్మ టిఫిన్ డబ్బా గేటు దాకా తెచ్చినా అందుకునే వీలుండదు.

ఢిల్లీ బేస్ తీసుకుని అనంతపురం నుంచి తిరుగుతానంటారా? లెక్కేద్దాం. ఫ్లాటు నుంచి ఎయిర్‌పోర్టుకు గంట, అక్కడ ఇంకో గంట, విమానంలో దాదాపు మూడు గంటలు, దిగి కారెక్కి మళ్ళీ మూడు గంటలు. ఎంత తక్కువేసుకున్నా ఎనిమిది గంటలు, రానూపోనూ పదహారు. వారపు విశ్రాంతి 48 గంటలైతే మిగిలింది 32, అందులో నిద్ర తీసెయ్యండి. పైగా స్టాఫ్ టికెట్ అంటే ఖాళీ ఉంటేనే సీటు. పండగ రోజుల్లో గేటు దగ్గర నిలబడి చివరి ప్రయాణికుడు కూడా ఎక్కేశాక బ్యాగు భుజాన వేసుకుని వెనక్కి తిరిగిన రోజులు నాకు బాగా గుర్తు. స్టాండ్‌బై ఉన్న రోజున బేస్ ఊళ్ళోనే ఉండాలి, పిలిస్తే కంపెనీ చెప్పిన టైములో రిపోర్ట్ చెయ్యాలి.

ఒప్పందంలో "ప్రారంభ బేస్" అన్న మాట ఉంటే జాగ్రత్త. దాని కింది వాక్యంలో "కంపెనీ అవసరాన్ని బట్టి ఎక్కడికైనా బదిలీ" అని ఉంటుంది. బేస్ మార్పు సీనియారిటీ ప్రకారం ఇస్తారా, అడిగిన ఎన్నాళ్ళకు దొరుకుతోంది అన్నది అక్కడ పనిచేసేవాళ్ళే చెప్పాలి.

4. రోస్టర్ కళ్ళతో చూడండి

హెచ్‌ఆర్ చెప్పే "వర్క్ లైఫ్ బ్యాలెన్స్" పక్కన పెట్టండి. అదే బేస్‌లో, అదే విమానం నడిపే ఒకరి నుంచి గడిచిన రెండు నెలల రోస్టర్ అడిగి తీసుకోండి. పెన్ను పట్టుకుని లెక్కపెట్టండి: తెల్లవారుజామున రిపోర్టింగ్ ఎన్ని, అర్ధరాత్రి దాటి దిగినవి ఎన్ని, ఇంటి బయట పడుకున్న రాత్రులెన్ని, స్టాండ్‌బైలెన్ని, రాసిన రోస్టర్‌కూ నడిచిన రోస్టర్‌కూ తేడా ఎంత. ఈ ఆఖరి లెక్క చాలా మాట్లాడుతుంది.

డీజీసీఏ 2024 జనవరిలో డ్యూటీ నియమాలు మార్చింది. వారపు విశ్రాంతి 36 నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రి అంటే 12 నుంచి ఉదయం 6 దాకా అని నిర్వచించింది. అవి 2025లో జులైలో కొన్ని, నవంబరులో కొన్ని అమలులోకి వచ్చాయి. ఆ వెంటనే డిసెంబరులో ఇండిగో వేల ఫ్లైట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది, డీజీసీఏ కొన్ని నియమాల్లో తాత్కాలిక సడలింపులు ఇచ్చింది. దీన్నుంచి ఆఫర్ పట్టుకున్నవాడు అడగాల్సిన ప్రశ్న: ఈ కంపెనీలో ఒక్కో విమానానికి ఎంతమంది పైలట్లున్నారు? బొటాబొటిగా నడిపే చోట నియమం ఎంత మంచిదైనా మీ సెలవు ముందు కోతకు పోతుంది.

5. ఏ సీటు, నాలుగో గీత ఎప్పుడు

భుజం మీద మూడు గీతలు నాలుగయ్యే రోజు, అంటే కెప్టెన్ అయ్యే రోజు మీ సంపాదనను మార్చేస్తుంది. కంపెనీ మారితే సీనియారిటీ పోతుంది, మళ్ళీ వరుసలో చివర నిలబడాలి. అందువల్ల "కమాండ్ ఎన్నేళ్ళకు?" అని ఇంటర్వ్యూలో అడగొద్దు, ఆశలు చెబుతారు. గత ఆరు నెలల్లో కమాండ్ వచ్చినవాళ్ళు ఏ నెలలో చేరారో కనుక్కోండి. అది జరిగిపోయిన సంగతి కాబట్టి అబద్ధం చెప్పదు. ఆర్డర్ల మోత విని మోసపోవద్దు. ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు 2023లోనే ఆర్డరిచ్చాయి. ఆర్డరిచ్చిన విమానం కాగితం మీదిది, వచ్చి నిలబడిన విమానానికే కెప్టెన్ కావాలి.

విమానం రకం కూడా చూడాలి. ఎయిర్‌బస్ 320 నేర్చుకుంటే ఇండిగో, ఎయిరిండియా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ మూడింటికీ పనికొస్తుంది. 737 అయితే ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్, ఆకాశ, స్పైస్‌జెట్. ఏటీఆర్‌కు ఇండిగో, అలయన్స్ ఎయిర్, ఫ్లై91. ఎంబ్రాయర్ షెడ్యూల్డ్ సర్వీసుల్లో స్టార్ ఎయిర్ తప్ప పెద్దగా ఎవరి దగ్గరా లేదు. మీ రేటింగ్‌కు (ఆ రకం విమానం నడిపే అర్హతకు) కొనేవాళ్ళు ఎక్కువుంటే రేపు బేరం మీ చేతిలో ఉంటుంది. అలాగని ఏటీఆర్‌ను చిన్నచూపు చూడొద్దు. అందులో త్వరగా కెప్టెనై కూడబెట్టిన కమాండ్ గంటలకు లాగ్‌బుక్‌లో విలువుంది. జెట్‌లో కో-పైలట్ సీటులో ఏళ్ళ తరబడి కూర్చున్నా ఆ గంటలు రావు.

6. కంపెనీ నిలబడుతుందా

కడప జనానికి ఈ పాఠం బాగా తెలుసు. 2015లో అక్కడ ఎయిర్‌పోర్టు తెరుచుకున్నప్పుడు బెంగళూరు నుంచి వచ్చింది ఎయిర్ పెగాసస్ ఏటీఆర్. 2016లో ఆ కంపెనీ ఆగిపోయింది. తర్వాత ట్రూజెట్ వచ్చింది, 2022లో అదీ ఆగింది. పెద్ద కంపెనీలూ అంతే: 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్, 2023 మే 3న గో ఫస్ట్. ఆ ముందు నెల దాకా వాటిలో డ్యూటీలు చేసినవాళ్ళు చాలామందే.

నా సంగతి ఇదీ. ఒకప్పుడు నేను చేరిన చిన్న కంపెనీలో జీతం మొదట 1న పడేది. తర్వాత 7, ఆ తర్వాత 18. "లెసర్ (విమానాలు అద్దెకిచ్చినవాళ్ళ) చెల్లింపులు, వచ్చే నెల సర్దుకుంటుంది" అనేవారు. నమ్మాను. ఒకరోజు ఇంటి లోను కోసం పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ఐదు నెలలుగా ఒక్క రూపాయి జమ కాలేదు. పే స్లిప్పులో మాత్రం ప్రతి నెలా కోత ఉంది. జీతం ఆలస్యమవడానికి చాలా ముందే పీఎఫ్ ఆగిపోయింది. నేను చూడలేదంతే.

అందుకే చేరే ముందు లోపలున్న స్నేహితుణ్ణి రెండే అడగండి. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ ఏ తేదీకి పడుతోంది? చట్టం ప్రకారం తర్వాతి నెల 15లోపు పడాలి. కోసిన టీడీఎస్ పన్ను శాఖ పోర్టల్‌లో అతని పేరు మీద కనబడుతోందా? ఈ రెండూ తప్పాయంటే మిగతావి అడగక్కర్లేదు. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే మూడు నెలలకోసారి ఫలితాలు బయటికొస్తాయి. మార్కెట్ వాటా డీజీసీఏ నెలనెలా చెబుతుంది. అవీ చూడండి గాని, నాకు పీఎఫ్ పాస్‌బుక్ మీదే గురి ఎక్కువ.

7. ఇప్పుడు జీతం, తూకం వేసి

ఆఫర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండే అంకె చాలాసార్లు నెలకు 75 గంటలు ఎగిరితే వచ్చేది. మీరు చూడాల్సింది గ్యారంటీ గంటలు, అంటే ఎగరకపోయినా జీతం లెక్కకట్టే కనీస గంటలు. లెక్క కోసం రెండు కంపెనీలు అనుకుందాం, అంకెలు నావే. మొదటిది గంటకు 3,000, 70 గంటలకు గ్యారంటీ. రెండోది గంటకు 4,000, గ్యారంటీ 40 గంటలకే. 75 గంటలు ఎగిరిన నెలలో మొదటిది 2,25,000, రెండోది 3,00,000. చిన్నాయన లెక్కలో రెండోదే గెలిచింది. 40 గంటలే దొరికిన నెలలో మొదటిది 2,10,000 ఇస్తుంది, రెండోది 1,60,000. నెలకు 52.5 గంటల కన్నా తక్కువ ఎగిరితే మొదటిదే మేలు. అలాంటి నెలలు ఎప్పుడొస్తాయి? సెలవు పెట్టినప్పుడు, సిమ్యులేటర్ చెక్‌లు పడినప్పుడు, ఇంజిన్లు లేక విమానాలు నేల మీద నిలిచినప్పుడు, కాలు బెణికి మెడికల్‌లో తాత్కాలికంగా అన్‌ఫిట్ అయినప్పుడు.

ట్రైనింగ్ నెలల్లో పూర్తి జీతమా, స్టైపెండా అన్నది విడిగా రాసుకోండి. లైసెన్స్ పోతే బీమా ఎంత, ప్రీమియం ఎవరు కడతారు, అన్‌ఫిట్‌గా ఉన్నన్నాళ్ళు ఎన్ని నెలలు జీతమిస్తారు అన్నవి కూడా జీతం కిందే లెక్క. కొత్త పన్ను విధానంలో 24 లక్షలు దాటిన ప్రతి రూపాయికీ 30 శాతం పోతుంది. కాబట్టి రెండు ఆఫర్ల మధ్య నెలకు 40,000 తేడా కనబడితే, ఆ స్థాయిలో చేతికొచ్చే తేడా 28,000 కన్నా తక్కువే. ఢిల్లీలో ఫ్లాటు అద్దె అందులోంచి తీసెయ్యండి.

గల్ఫ్ ఆఫరైతే లెక్క వేరు. రాజంపేట, రాయచోటి వైపు కువైట్ సంగతి తెలియని ఇల్లు లేదు, కాబట్టి ఎక్కువ చెప్పను. జీతం మీద అక్కడ పన్ను లేదు, ఇల్లు, పిల్లల చదువు ఖర్చులు ఇచ్చే కంపెనీలున్నాయి. కానీ వీసా ఉద్యోగానికి కట్టి ఉంటుంది. 2020లో కోవిడ్ రాగానే ఎమిరేట్స్ లాంటి సంస్థే పైలట్లను తీసేసింది. అక్కడి లైసెన్సుకు మార్చుకునే పరీక్షల ఖర్చు, ఏడాదిలో ఇండియాలో 182 రోజులు నిండకుండా చూసుకోవడం, రెండూ మొదటి రోజే ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

8. జవాబు చెప్పే పద్ధతి

గడువు లోపు నిర్ణయం తేలకపోతే పది రోజులు అదనంగా అడగండి, తప్పేం లేదు. ఒకచోట ఒప్పుకుని సంతకం పెట్టి, ఇంకోచోట చేరడం మాత్రం వద్దు. ఈ ఫీల్డు చాలా చిన్నది, ఇవాళ మీరు మొహం చాటేసిన మనిషే రేపు ఇంకో కంపెనీలో మీ ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుంటాడు. వద్దనే మెయిల్ మూడు లైన్లు చాలు, కారణాల కథ అక్కర్లేదు. కొత్త కంపెనీ నుంచి చేరే తేదీ, బేస్, బాండ్ తరుగుదల మూడూ రాతపూర్వకంగా వచ్చాకే పాతచోట రాజీనామా పెట్టండి. బయటికొచ్చేటప్పుడు ఎన్‌ఓసీ, లాగ్‌బుక్ సర్టిఫికేషన్, ట్రైనింగ్ రికార్డులు, టీడీఎస్ సర్టిఫికెట్, తిరిగిచ్చిన బాండ్ చెక్కులు అన్నీ తీసుకోండి. నా చెక్కొకటి ఎనిమిది నెలలు పాత కంపెనీ బీరువాలోనే ఉండిపోయింది.

మావాడు బెంగళూరు కంపెనీని బాండ్ నెలనెలా తగ్గేలా రాయమని అడిగాడు. ఒప్పుకున్నారు. చేరే తేదీ ఆరు నెలలు జరపమంటే కుదరదన్నారు. ఢిల్లీవాళ్ళు తేదీకి ఒప్పుకున్నారు గాని, బేస్ మార్పు గురించి ఒక్క ముక్క రాసివ్వలేదు. చివరికి వాడు రెండూ వదిలేసి, పాత బాండ్ తీరేదాకా ఉండి ఏటీఆర్ కమాండ్ చూసుకుంటానన్నాడు. నేనైతే బెంగళూరువాళ్ళను తేదీ కోసం ఇంకొకసారి గట్టిగా అడిగేవాణ్ణి. ఆ మాట వాడికీ చెప్పాను. చిన్నాయన మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాడు: "ఇంతకీ ఆ ఢిల్లీవోళ్ళు నెలకెంతిస్తామన్యారు?"